కాపాడే పడవను కాపాడేదెవరు?

తెరచాప పడవలు అనగానే మనలో చాలామందికి గోవానో, ముంబయో గుర్తొస్తుంది. కానీ మన హుస్సేన్ సాగర్‌లో ఏటా వానాకాలం గాలులకు హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలు జరుగుతాయి. ఆ ఒడ్డున ఉన్న ఒక క్లబ్‌కి రెండేళ్ళుగా సెలవు రోజుల్లో సహాయంగా వెళ్తున్నాను. గెలిచినవాళ్ళ ఫొటోలు పేపర్లో వస్తాయి. వాళ్ళ వెనకాలే మోటార్‌తో తిరిగే సేఫ్టీ బోట్ గురించి మాత్రం ఎవరూ రాయరు. అందుకే ఈ వ్యాసం.

పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవ పొడవు 2.3 మీటర్లే. గాలి ఒక్కసారి విసిరికొడితే బోల్తా పడుతుంది. అప్పుడు సేఫ్టీ బోట్ నిమిషంలో అక్కడుండాలి. ఆ నిమిషంలో ఇంజన్ స్టార్ట్ అవుతుందా లేదా అన్నది నడిపేవాడి ధైర్యం మీద ఆధారపడదు. ముందురోజు సాయంత్రం ఒడ్డున ఎవరో చేసిన పని మీద ఆధారపడుతుంది. నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటే. మిగతావన్నీ దానికి ఉదాహరణలు.

ఇంజన్ తాగే నీళ్ళు

బైక్ ఇంజన్‌ని గాలి చల్లారుస్తుంది. ఔట్‌బోర్డ్ మోటార్‌ని చెరువు నీళ్ళే చల్లారుస్తాయి. కింద ఒక చిన్న రబ్బరు ఇంపెల్లర్ నీటిని పైకి తోడుతుంది. ఆ నీటిలో కొంత పక్కనుంచి సన్నని ధారగా బయటికి చిమ్ముతుంది. మా దగ్గర బోట్లు చూసుకునే పెద్దాయన మొదటి రోజే చెప్పారు: "బిడ్డా, ఇంజన్ మోత ఇనుడు కాదు, నీళ్ళు పడ్తున్నయా లేదా చూడు."

ధార ఆగిందంటే వెంటనే ఇంజన్ ఆపాలి. గుర్రపుడెక్క వేర్లు, ప్లాస్టిక్ కవర్లు నీళ్ళు పీల్చుకునే రంధ్రాలకు అడ్డం పడి ఉండొచ్చు. ఒడ్డున "ఊరికే ఒకసారి చూద్దాం" అని నీళ్ళు లేకుండా మోటార్ తిప్పడం ఇంకా పెద్ద తప్పు. నీళ్ళే ఇంపెల్లర్‌కి లూబ్రికెంట్. అవి లేకపోతే రబ్బరు రెక్కలు కొద్దిసేపట్లోనే రాపిడికి పాడవుతాయి. ఒడ్డున టెస్ట్ చేయాలంటే ఆ రంధ్రాల మీద రబ్బరు కప్పులు బిగించి, పైపుతో నీళ్ళు పెట్టాలి.

పెట్రోల్ సంగతి కూడా చూడాలి. ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం వరకు ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే ఇథనాల్, నీళ్ళు కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా నిలుస్తాయి. ఇంజన్‌కి వెళ్ళే గొట్టం ఉండేది కూడా అడుగునే! అందుకే నెలల తరబడి మిగిలిపోయిన పెట్రోల్‌ని సేఫ్టీ బోట్‌లో వాడకూడదు.

ఒకే సూత్రం, రెండు చోట్ల

ఫస్టియర్‌లో చదివిన గ్యాస్ లా నాకు ఇక్కడ రెండుసార్లు ఎదురైంది.

మొదటిది, బోట్ చుట్టూ ఉండే గాలి ట్యూబులు. పొద్దున 27 డిగ్రీల దగ్గర 0.2 బార్ గాలి కొట్టామనుకుందాం. మధ్యాహ్నం ఎండకు లోపలి గాలి 57 డిగ్రీలైంది. కెల్విన్‌లో 300 నుంచి 330, అంటే పది శాతం పెరుగుదల. అయితే ఈ పది శాతం అబ్సల్యూట్ ప్రెషర్ మీద లెక్క. 1.2 బార్ కాస్తా 1.32 అవుతుంది. ట్యూబు సాగలేదనుకుంటే గేజ్ మీద 0.2 కాస్తా 0.32 అయింది, అంటే అరవై శాతం ఎక్కువ! అతుకులు విడిపోయేది ఇలాంటప్పుడే. కాబట్టి బోట్‌ని నీడలో ఉంచాలి, ఎండలో ఉంచాల్సివస్తే కొంత గాలి తీయాలి, నీళ్ళలోకి దిగాక మళ్ళీ చూసుకోవాలి.

రెండోది, ట్రెయిలర్ బేరింగ్. రోడ్డు మీద లాక్కొచ్చిన ట్రెయిలర్ హబ్ వేడిగా ఉంటుంది. అలాగే ర్యాంప్ మీంచి నీళ్ళలోకి దించితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీలోకి సీలు సందుల్లోంచి నీళ్ళు దూరతాయి. గ్రీజు పాడై బేరింగ్ తుప్పుపడుతుంది. కొన్నాళ్ళకి రోడ్డు మీద చక్రం పట్టేస్తుంది. దీనికి మందు చాలా చవక: హబ్ మీద చెయ్యి పెట్టి చూసి, చల్లారేదాకా ఆగడం. ఇంకా మంచిది, నీళ్ళలోకి దించడానికి వేరే ట్రాలీ వాడటం.

ఎర్ర తాడు

2013 మే నెలలో ఇంగ్లండ్‌లో, కార్న్‌వాల్ తీరాన ప్యాడ్‌స్టో దగ్గర, మోటార్ బోట్‌లో వెళ్తున్న ఒక కుటుంబంలోని ఆరుగురూ ఒక్కసారిగా నీళ్ళలో పడిపోయారు. ఇంజన్ ఆగలేదు. మనిషి లేని బోట్ గుండ్రంగా తిరుగుతూ వాళ్ళ మీదికే వచ్చింది. తండ్రి, ఎనిమిదేళ్ళ కూతురు చనిపోయారు. నడిపేవారి ఒంటికి తగిలించాల్సిన కిల్ కార్డ్ తగిలించి లేదు.

కిల్ కార్డ్ అంటే మెలికలు తిరిగిన ఎర్ర తాడు. ఒక కొస నడిపేవారి కాలికి, రెండో కొస ఇంజన్ స్విచ్‌కి ఉంటుంది. మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. ఎండకు ఆ తాడు సాగిపోతుంది, క్లిప్పు వదులవుతుంది. అందుకే స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఒకసారి లాగి చూడాలి. ఆగలేదంటే ఆ బోట్ ఆ రోజు పనికిరానట్టే. ఇంకో తాడు బోట్‌లోనే ఉండాలి. ఎందుకంటే నడిపేవారే నీళ్ళలో పడితే మొదటి తాడు వాళ్ళతోపాటే పోతుంది, మిగిలినవాళ్ళు ఇంజన్ స్టార్ట్ చేయాలి కదా!

రాసిపెట్టడం

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు. కష్టమైన పని వేరే ఉంది: కనబడిన లోపాన్ని చెప్పడం. సాయంత్రం అలసిపోయి ఉంటాం. బోట్ వెనక నీళ్ళు కారిపోయే రంధ్రానికి పెట్టే బిరడా వదులుగా ఉందని తెలుసు. "రేపు చూద్దాంలే" అనుకుంటాం. రేపు వచ్చేది ఇంకొకరు, వాళ్ళకి ఆ సంగతి తెలీదు. అందుకే మా దగ్గర ఒక మామూలు నోట్‌బుక్ ఉంది: తేదీ, లోపం, చూసినవారి పేరు, సరిచేసినవారి పేరు. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ బోట్ తాళం ఎవరికీ ఇవ్వరు.

దీనికి ఇంకో నియమం తోడుంది. సేఫ్టీ బోట్ సిద్ధంగా లేకపోతే ఆ రోజు ఒక్క తెరచాప కూడా లేవదు. గాలి ఎంత బాగున్నా సరే, పిల్లలు ఎంత బతిమాలినా సరే. మొదట్లో ఇది మరీ చాదస్తం అనిపించింది. ఇప్పుడు మన ల్యాబుల్లోకి, వర్క్‌షాపులోకి వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు ముందు వెతికేది ఆ నాలుగో గడినే.