వ్యాయామ విద్య, వ్యాయామ శాస్త్రం, క్రీడా నిర్వహణ: విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాల్లో ‘ఉపాధ్యాయ కోర్సు’ అంటే డీపీఈడీ, బీపీఈడీ, ఎంపీఈడీ మాత్రమే. ‘గుర్తింపు’ అంటే 1993 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి చట్టం కింద ఒక సంస్థకు ఒక నిర్దిష్ట కోర్సు నిమిత్తం ఇచ్చిన గుర్తింపు. విశ్వవిద్యాలయ అనుబంధం గానీ, న్యాక్ గ్రేడు గానీ ‘గుర్తింపు’ కిందికి రావు.

1. మూడు కోర్సులవాళ్లూ ఒకే మైదానంలో కనిపిస్తారు. ఏది చదివినా బడిలో వ్యాయామ ఉపాధ్యాయ పోస్టుకు పనికొస్తుందా?

రాదు. వ్యాయామ శాస్త్రంలో బీఎస్సీ, బీపీఈఎస్, క్రీడా నిర్వహణలో బీబీఏ, ఎంబీఏ సరైన విశ్వవిద్యాలయం ఇస్తే చెల్లే డిగ్రీలే. కానీ అవి ఉపాధ్యాయ కోర్సులు కావు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో పీఈటీ పోస్టుకు ఇంటర్‌తో పాటు డీపీఈడీ, స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ ఎడ్యుకేషన్ పోస్టుకు డిగ్రీతో పాటు బీపీఈడీ అడగడం మామూలు. ఏ నియామకానికైనా ఆ నోటిఫికేషన్‌లో రాసిన అర్హతే ప్రమాణం. ‘బీపీఈఎస్ అయినా బీపీఈడీ అయినా ఒకటే’ అని అడ్మిషన్ల ఏజెంటు చెప్పే మాటను ఏ నియామక బోర్డూ పట్టించుకోదు. అయితే వ్యాయామ విద్యలో డిగ్రీ 45 శాతంతో ఉంటే బీపీఈడీలో చేరే దారి తెరిచే ఉంటుంది.

వ్యాయామ శాస్త్రం చదివినవారు ఫిజియోథెరపిస్టునని బోర్డు పెట్టుకోకూడదు. అది వేరే చదువు, వేరే నమోదు.

2. గుర్తింపు లేని కాలేజీలో ఉపాధ్యాయ కోర్సు చదివితే ఏమవుతుంది?

చట్టంలోని సెక్షన్ 17(4) ప్రకారం, గుర్తింపు లేకుండా గానీ, రద్దయ్యాక గానీ నడిపిన ఉపాధ్యాయ కోర్సు అర్హత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ సాయం పొందే విద్యాసంస్థల ఉద్యోగాలకు చెల్లదు. ఆ నష్టమంతా విద్యార్థిదే.

మీరు చదువుతుండగా గుర్తింపు రద్దయితే వెంటనే బెంబేలు పడనక్కర్లేదు. రద్దు ఉత్తర్వు తెలియజేసిన తేదీ తరువాత వచ్చే విద్యాసంవత్సరం ముగిశాకే అది అమల్లోకి వస్తుంది. మీ కోర్సు ఆలోపు పూర్తవుతుందో లేదో లెక్క చూసుకోండి. ఉత్తర్వుపై అప్పీలు గానీ, కోర్టు స్టే గానీ ఉంటే ఆ కాగితం కాపీ తీసుకోండి. ‘స్టే వచ్చింది’ అన్న మాట సరిపోదు.

ఫీజు కట్టకముందే గుర్తింపు ఉత్తర్వు చూపమని అడగండి. అందులో సంస్థ పేరు, చిరునామా, కోర్సు పేరు, మంజూరైన సీట్ల సంఖ్య మీకు చెప్పినవాటితో సరిపోవాలి. ఒకే ట్రస్టుకు రెండు ఊళ్లలో కాలేజీలుంటే ఒక ఊరి ఉత్తర్వు రెండో ఊరికి వర్తించదు. బీఈడీకి ఉన్న గుర్తింపు బీపీఈడీకి పనికిరాదు.

3. ఉపాధ్యాయ కోర్సును దూరవిద్యలో చేయవచ్చా?

చేయకూడదు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల్లో దూరవిద్యకు చోటు డీఈఎల్‌ఈడీ, బీఈడీలకే ఉంది.

4. బీపీఈడీ ప్రవేశానికి మార్కులుంటే చాలా?

సాధారణంగా చాలవు. 2014 నిబంధనల ప్రకారం డిగ్రీలో 50 శాతంతో పాటు కనీసం అంతర్ కళాశాల, జిల్లా లేదా పాఠశాల స్థాయి గుర్తింపు పొందిన పోటీలో పాల్గొని ఉండాలి. రాష్ట్ర, జాతీయ లేదా అంతర్ విశ్వవిద్యాలయ పోటీలో పాల్గొన్నవారికీ, డిగ్రీలో వ్యాయామ విద్య ఒక సబ్జెక్టుగా చదివినవారికీ 45 శాతం చాలు. రిజర్వేషన్ వర్గాలకు ప్రభుత్వ నియమాల మేరకు సడలింపు ఉంటుంది.

గొడవంతా సర్టిఫికెట్ దగ్గరే వస్తుంది. సంక్రాంతికి ఊళ్లో యువజన సంఘం పెట్టిన వాలీబాల్ టోర్నీ ప్రశంసాపత్రం, ఎంత పెద్ద కప్పుతో వచ్చినా, ఇక్కడ పనికిరాదు. పోటీ నిర్వహించిన సంస్థ, తేదీ, సంతకం చేసిన అధికారి హోదా స్పష్టంగా ఉండాలి.

తెలుగు రాష్ట్రాల్లో పీఈసెట్‌కు రాతపరీక్ష ఉండదు. శారీరక సామర్థ్య పరీక్షలు, ఎంచుకున్న ఆటలో నైపుణ్య పరీక్ష పెడతారు. దరఖాస్తులో రాసిన ఆటను ఆ తరువాత మార్చుకోవచ్చని అనుకోకండి.

5. చేరాక మానేస్తే ఫీజు వెనక్కి వస్తుందా?

విశ్వవిద్యాలయ పరిధిలోని డిగ్రీ, పీజీ కోర్సులకు యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ వర్తిస్తుంది. లెక్క మీరు చేరిన రోజు నుంచి కాదు, సంస్థ ప్రకటించిన ‘ప్రవేశ చివరి తేదీ’ నుంచి. ప్రవేశ చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానేస్తే 100 శాతం వస్తుంది. అందులోంచి ఫీజులో 5 శాతం, గరిష్ఠంగా రూ.5,000 మినహాయించవచ్చు. ఆ తరువాత, ప్రవేశ చివరి తేదీ లోపు అయితే 90 శాతం. అది దాటాక 15 రోజుల్లోపు 80, 16 నుంచి 30 రోజుల్లోపు 50. 30 రోజులు దాటితే ఏమీ రాదు. దరఖాస్తు అందిన 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి.

ఏదైనా విద్యాసంవత్సరానికి యూజీసీ ప్రత్యేక విధానం ప్రకటిస్తే ముందు దాన్నే చూడాలి. డిప్లొమా కోర్సులకు ఈ నోటిఫికేషన్ వర్తిస్తుందని ముందే అనుకోవద్దు.

అసలు సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదు. మీ ఎదుటే సరిచూసి తిరిగి ఇవ్వాలి.

6. కాలేజీ వినకపోతే ఎవరికి చెప్పాలి?

2023 యూజీసీ నిబంధనల కింద ముందు విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. నిర్ణయం నచ్చకపోతే అది అందిన 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేయాలి. కమిటీని దాటి నేరుగా అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్తే సాధారణంగా వెనక్కి పంపుతారు. ఫిర్యాదు కాపీపై తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోండి. గడువులన్నీ ఆ తేదీతోనే రుజువవుతాయి.

7. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే ఎంపీఈడీ చాలా?

చాలదు. 2018 యూజీసీ నిబంధనలు 55 శాతంతో పీజీ, నెట్ లేదా సెట్, విశ్వవిద్యాలయానికో కళాశాలకో పోటీల్లో ప్రాతినిధ్యం వహించిన లేదా రాష్ట్ర, జాతీయ ఛాంపియన్‌షిప్‌లలో ఆడిన రికార్డు, శారీరక సామర్థ్య పరీక్ష అడుగుతాయి. నిర్దేశిత షరతులు తీరిన పీహెచ్‌డీకి నెట్ మినహాయింపు ఉంది. 30 ఏళ్ల లోపు పురుషులు 12 నిమిషాల్లో 1,800 మీటర్లు, మహిళలు 8 నిమిషాల్లో 1,000 మీటర్లు పూర్తి చేయాలి. వయసు పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది. పరీక్షకు ముందు వైద్యపరంగా ఫిట్‌గా ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి.