పటము నేయు విద్య: అరణ్యచిత్రణమున యువతకు గల అవకాశములు

కర్ణాటకమున ఆంధ్ర సరిహద్దునందలి వై.ఎన్.హొసకోట వీథులలో పట్టుమగ్గముల చప్పుడు వినుచు పెరిగిన విద్యార్థికి పటలేఖనవిద్య కొత్తది కాదని నేనన్నచో కొందరు నవ్వవచ్చును. కాని పటమను మాటకు వస్త్రమనియు చిత్రమనియు రెండర్థములును మన నిఘంటువులలోనే యున్నవి. నెమలినో మామిడిపిందెనో చీర యంచున దింపదలచిన నమూనాకారుడు తొలుత గళ్లకాగితముపై ఒక్కొక్క గడిని రంగుతో నింపును. ఆ గళ్లే పిదప అట్టలలో రంధ్రములై జాకార్డు యంత్రమున కెక్కి, ఏ పోగు పైకి లేవవలెనో, ఏది క్రింద నుండవలెనో నిర్ణయించును. ఒక్క గడిని చూచినవానికి నెమలి కానరాదు. గళ్లన్నియు కూడిన పిమ్మటనే అది పురి విప్పును. మన రిసోర్సుశాటు ఉపగ్రహమునందలి లిస్-3 కెమెరా భూమిని చూచుటయు నిట్లే: దాని గడి యొక్కొక్కటి 23.5 మీటర్ల చదరము. ఆ గళ్లను చదివి, దేశముయొక్కయో ఖండముయొక్కయో అడవులను పటముగా నేయుట నేడొక వృత్తి.

మన దేశమున ఈ పనికి మూలస్థానము దెహ్రాదూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ. 1981లో నేర్పడిన ఈ సంస్థ 1987 మొదలుకొని సుమారు రెండేండ్లకొక నివేదికను వెలువరించుచున్నది; 2023 నివేదిక ననుసరించి దేశ భూభాగమున 21.76 శాతము అటవీ ఆచ్ఛాదనము. అయితే ఉద్యోగార్థి మొదట గ్రహింపవలసిన సూక్ష్మమొకటి యిందున్నది. ఒక హెక్టారునకు తగ్గక, పదింట నొకవంతైనను చెట్ల నీడ గల నేలనెల్ల, అది యెవరిదైనను, చట్టరీత్యా ఏ తరగతిదైనను, ఆ లెక్కలో చేర్తురు. కనుక తిపటూరు వైపు కొబ్బరితోట పటమున అడవిరంగు దాల్పవచ్చును. పావగడ ప్రాంతపు ముండ్లపొదల గుట్ట, రికార్డులలో అడవియే యైనను, నీడ చాలక ఆ లెక్కకు వెలియై పొదభూమిగా మిగులవచ్చును. ఉపగ్రహము చెట్టును చూపునే గాని, దానిని నాటినదెవరో, కొట్టు హక్కెవరిదో, దానిక్రింద మేకల నెవరు మేపుదురో చెప్పజాలదు.

అది చెప్పజాలనిదానిని పటమున కెక్కించుటయే అటవీనిర్వహణ చిత్రణము. యూరపు ఖండమునకు ఇట్టి పటమును 2012లో కొందరు పరిశోధకులు ప్రకటించిరి. ముట్టక విడిచిన రక్షితవనము మొదలుకొని కొలది యేండ్లకే నరకు కలపతోట వరకు నిర్వహణను వారు ఐదు తెరగులుగా విభజించిరి. 2022లో ఆస్ట్రియాలోని ఐ.ఐ.ఎ.ఎస్.ఎ. సంస్థ పరిశోధకులు 2015 నాటి ప్రపంచమున కంతటికిని 100 మీటర్ల గళ్లతో పటము ప్రకటించిరి; దానికై పలుదేశముల నిపుణులు తెరపై బిందువు వెంట బిందువు చూచి, ఇది తానుగా మొలచిన అడవి, ఇది నాటినది, ఇది పామాయిలు తోట యని గుర్తించి యిచ్చిరి. మన దేశమున ఆ సమాచారము ఒక్కొక్క అటవీ డివిజనుకు సాధారణముగా పదేండ్ల కాలమునకు వ్రాయు వర్కింగు ప్లానులందును, 2006 అటవీహక్కుల చట్టము క్రింద పుట్టిన పత్రములందును చెదరియున్నది. ఆకసపు గళ్లను ఈ కాగితములతో అతుకగల చేతులు కావలసియున్నవి.

ఇక చదువు. ఇంటర్మీడియెట్‌లోగాని పి.యు.సి.లోగాని సైన్సు చదివినవారికి సిరసి, పొన్నంపేట, తెలంగాణలోని ములుగు అటవీ కళాశాలలలో బి.ఎస్సీ. ఫారెస్ట్రీ కలదు. భూగోళము, భూగర్భశాస్త్రము, సివిల్ ఇంజనీరింగు చదివినవారు రిమోట్ సెన్సింగు పై చదువులకు దెహ్రాదూను ఐ.ఐ.ఆర్.ఎస్. వంటి సంస్థల నాశ్రయింపవచ్చును. గేట్ పరీక్షలో 2022 నుండి జియోమాటిక్సు పత్రమున్నది. పేదవిద్యార్థి ఫీజులకు వెరవ నక్కరలేదు: పటములు గీయు క్యూజిస్ సాఫ్ట్‌వేరు ఉచితము, ఇస్రోవారి భువన్ పటములు ఉచితము, ఐ.ఐ.ఆర్.ఎస్. ఆన్‌లైను పాఠములును ఉచితమే.

ఉద్యోగములకు మూడు దారులు. యూపీఎస్సీ నడుపు ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు మొదటిది. దీని ప్రిలిమినరీ సివిల్ సర్వీసులతో నుమ్మడి. అటవీ సర్వేక్షణ సంస్థ, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగు కేంద్రము (ఎన్.ఆర్.ఎస్.సి.), బెంగుళూరులోని రాష్ట్ర రిమోట్ సెన్సింగు కేంద్రము రెండవది. ప్రైవేటు పట సంస్థలు, పర్యావరణ పరిశోధనాలయములు మూడవది. కడపటి రెండు దారులలోను ప్రాజెక్టు ముగియగానే ముగియు కాంట్రాక్టు కొలువులు పెక్కు. గాలిమేడలు కట్టక, పని నేర్చుకొనుటకు మెట్లుగా వానిని వాడుకొనుడు.

ఇంట తెలుగును బడిలో కన్నడమును పలుకు సరిహద్దు బిడ్డలకు మాత్రము మరియొక బలమున్నది: గుట్టమీది గొఱ్ఱెలకాపరితోను, ఫారెస్టు గార్డుతోను వారివారి మాటలలోనే మాటాడగలరు. కావున విద్యార్థులారా, కళాశాల ప్రవేశమునకై వేచియుండక, వచ్చు ఆదివారము చేత సెల్‌ఫోను పుచ్చుకొని మీ ఊరి గుట్ట నెక్కుడు. కానుగ యెక్కడ, చింతతోపు ఎక్కడ, నీలగిరి తోట యెవరిది, మేత యెవరికని అడిగి, గుర్తులు పెట్టి, ఒక చిన్న పటము గీయుడు. రేపు ఇంటర్వ్యూలో మార్కుల పత్రముకంటె ముందు దానినే బల్లపై పరచుడు.