మౌసు చక్రానికి ఒక గట్టు

వెలుగోడులో ధాన్యం కొనే కొట్టొకటి ఊహించుకోండి. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు మౌసు చక్రం తిప్పుతూనే ఉంటాడు. "ఏందిరా ఇంతసేపు?" అని అడిగితే, "రైతు పేరు యాడుందో ఎతుకుతాండా అన్నా" అంటాడు. ఆ రైతు కాటా దగ్గరే నిలబడి ఉన్నాడు. బయట ట్రాక్టరు కాచుకుని ఉంది.

కుర్రాడు సోమరి కాదు. వాడి చేతికి మరీ పెద్ద పొలం ఇచ్చారు, అంతే. 2007 ఎక్సెల్ నుంచి ఒక్కో షీటులో 10,48,576 అడ్డు వరసలు, 16,384 నిలువు వరసలు ఉంటున్నాయి. వాడి సీజను లెక్కకు 500 వరసలు చాలు, మిగిలిందంతా బీడు. కంట్రోల్ పట్టుకుని కింది బాణం ఒకసారి కొడితే లెక్కల చివర ఆగుతాడు, రెండోసారి కొడితే బీడు చివర తేలతాడు.

ఇలాంటివాణ్ణి కూర్చోబెట్టి శ్రద్ధ గురించి ఉపన్యాసం ఇవ్వడం మన పాత అలవాటు. నీళ్లకు అలా ఎవరూ చెప్పరు కదా! పోతిరెడ్డిపాడు నుంచి వచ్చిన కృష్ణ నీళ్లను బానకచర్ల దగ్గర గేట్లే పంచుతాయి. తెలుగుగంగ వాటా వెలుగోడు జలాశయానికి వచ్చి, దాదాపు 17 టీఎంసీల దాకా గట్టు లోపల నిలుస్తుంది. బుద్ధిమంతులై నిలిచిన నీళ్లు కావవి.

ఎక్సెల్‌లో ఆ గట్టు పేరు స్క్రోల్‌ఏరియా. మాక్రోలో, అంటే ఎక్సెల్ చదివి నడుచుకునే ఆజ్ఞల చీటీలో, ఒక్క వాక్యం రాసి, ఏ1 నుంచి హెచ్500 వరకే అని హద్దు పెడితే, ఆ హద్దు బయటి గడిని ఎంచుకోవడం కుదరదు. చక్రం ఎంత తిప్పినా తెర ఆ హద్దు దాటిపోదు.

అయితే ఫైలు మూయగానే ఈ గట్టు కొట్టుకుపోతుంది, ఎక్సెల్ దాన్ని దాచిపెట్టదు. దీన్ని చాలామంది లోపమంటారు. నాకు మాత్రం మన రాత్రి తీర్మానాలే గుర్తొస్తాయి. తెల్లారేసరికి అవీ మిగలవు. అందుకే హద్దు వేసే పనిని ఫైలు తెరిచే పనికే ముడేయాలి. ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కితే మాక్రోలు రాసే కిటికీ తెరుచుకుంటుంది. అందులో దిస్‌వర్క్‌బుక్ మీద రెండుసార్లు క్లిక్ చేసి, వర్క్‌బుక్ ఓపెన్ అనే చోట ఆ వాక్యం రాయండి. ఫైలును మాక్రోలు ఉండే రకంగా, అంటే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌గా భద్రపరచండి. మాక్రోలకు అనుమతి ఉన్నంతవరకు, ఫైలు తెరిచిన ప్రతిసారీ గట్టు దానంతటదే లేస్తుంది. అక్కడే ఇంకో వాక్యం చేర్చి, గోటూ ఆజ్ఞకు స్క్రోల్ ట్రూ అని జోడిస్తే, ఈరోజు రాయాల్సిన వరస తెర పైఅంచుకు వచ్చి నిలబడుతుంది. వెతుకులాట ఉండదు.

రైతు పేరు, బస్తాలు, తూకం, ధర. ఇవి పక్కపక్క గడులు. కానీ ఎంటర్ కొడితే ఎక్సెల్ మామూలుగా కిందికి దిగుతుంది. మాక్రోతో దాన్ని కుడికి తిప్పొచ్చు. జాగ్రత్త, ఆ మార్పు ఈ ఒక్క ఫైలుకే కాదు, మొత్తం ఎక్సెల్‌కు అంటుతుంది. మన సౌకర్యం పక్కవాడి లెక్కల్లోకి జొరబడకూడదు, ఫైలు మూసేటప్పుడు తిరిగి కిందికే పెట్టి వెళ్లండి. నాకు నచ్చే దారి వేరు. రాయాల్సిన గడుల తాళం తీసి, షీటుకు రక్షణ పెడితే, ట్యాబ్ మీట ఆ గడుల మీదే గెంతుతూ పోతుంది. దీనికి మాక్రో కూడా అక్కర్లేదు.

మొదట నకలు ఫైలు మీదే చేసి చూడండి. మాక్రో షీటులో మార్పు చేశాక కంట్రోల్ జెడ్ ఆదుకోదు. సీజను పెరిగి 501వ రైతు వస్తే గట్టు జరపడం మరవకండి, లేదంటే ఆయనకు షీటులో చోటుండదు. ఇంకొకటి, బాణం కొడితే గడి మారకుండా తెరంతా జారుతోందా? మాక్రోను తిట్టకండి, స్క్రోల్ లాక్ మీట మీద ఎవరిదో వేలు పడి ఉంటుంది.