మద్యవిముక్తి గోష్ఠిని వెదకుట యెట్లు?

బసవేశ్వరుని కాలమున కల్లమ్మి జీవించిన హెండద మారయ్య సైతము శరణుల గోష్ఠిలో స్థానము పొందెను. అట్టి సంప్రదాయమువారమగు మనము త్రాగుడు సోకిన యింటివారిని వెలివారినిగా జూచుట తగదు. వారికి తగిన గోష్ఠిని వెదకి చూపుట మేలు.

1935లో అమెరికాలోని ఏక్రన్ నగరమున బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అను ఇరువురు మద్యపాన పీడితులు తమ గోడు ఒకరికొకరు చెప్పుకొని నిలద్రొక్కుకొనిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనెడి సంఘము అట్లు పుట్టినది. రుసుము లేదు, పేరు బయటపెట్టరు, మానవలెనను కోరికయే ప్రవేశార్హత.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాసులు తమకు దగ్గరలో ఇట్టి సభ కలదా యని 14446 సంఖ్యకు ఫోను చేసి యడుగవచ్చును. అది కేంద్ర ప్రభుత్వపు వ్యసనవిముక్తి సహాయ సంఖ్య, ఖర్చు లేదు. దగ్గర లేనిచో హైదరాబాదు సభలను గూర్చియు, ఫోనుమీద జరుగు సభలను గూర్చియు విచారింపుడు.

ఒక్క హెచ్చరిక. ఏండ్ల తరబడి ప్రతిదినము మిక్కిలిగా త్రాగినవాడు ఒట్టు పెట్టుకొని ఒక్కసారిగా మానినచో రెండు మూడు దినములలో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును. ప్రాణాపాయము కూడ కలదు. మఠమున ప్రమాణము చేయించు పెద్దలు దీనిని మరువరాదు. ముందుగా ప్రభుత్వాసుపత్రి వైద్యునికి చూపవలెను.

భర్త రానన్నను ఇల్లాలు ఆగనక్కరలేదు. కుటుంబములవారికై 1951లో ఏర్పడిన అల్-అనాన్ సభలు వేరుగా గలవు.