15 వేలలో మొదటి ఎయిర్ రైఫిల్: స్పెక్ షీట్ ఎలా చదవాలి, దేనికి వాడాలి, దేనికి వాడకూడదు

ఫ్రెండ్స్, ఫోన్లు, ఇయర్‌బడ్స్ మధ్యలో ఈ ఎయిర్ రైఫిల్ గోల ఏంటని అనుకోకండి. ఈ మధ్య నాకు వస్తున్న మెసేజ్‌లలో ఈ ప్రశ్న బాగా పెరిగింది. మా మొవ్వ చుట్టుపక్కల నుంచి, గుడివాడ నుంచి, అవనిగడ్డ వైపు నుంచి కుర్రాళ్ళు అడుగుతున్నది దాదాపు ఒకటే: "అన్నా, తక్కువలో మంచి ఎయిర్ గన్ చెప్పు. డబ్బాలు కొట్టడానికి, వీలైతే పొలంలో పిట్టల మీదకి."

ఈ ప్రశ్నలో రెండు సగాలున్నాయి. మొదటి సగానికి మంచి జవాబుంది. రెండో సగానికి జవాబు "వద్దు". ఎందుకు వద్దో కూడా చెప్తాను. ఫోన్ తప్పుగా కొంటే డబ్బులే పోతాయి. ఇక్కడ తప్పు చేస్తే కేసు అవుతుంది, లేదా ఎవరి కన్నో పోతుంది. అందుకే ఇది రివ్యూ కన్నా పాఠం లాగా రాస్తున్నాను.

ముందు చట్టం: రెండు నంబర్లు గుర్తుపెట్టుకోండి

మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ లేకుండా కొనగలిగే ఎయిర్ రైఫిల్‌కి రెండు హద్దులున్నాయి. గొట్టం లోపలి కొలత, అంటే క్యాలిబర్, 0.177 అంగుళం (4.5 మిల్లీమీటర్లు) దాటకూడదు. పెల్లెట్ బయటికొచ్చేటప్పుడు దాని శక్తి 20 జౌల్స్ లోపు ఉండాలి. ఈ రెండిట్లో ఏది దాటినా లైసెన్స్ కావాల్సిందే.

ఇంగ్లీష్ యూట్యూబ్ చూసి వచ్చేవాళ్ళు సరిగ్గా ఇక్కడే దారి తప్పుతారు. అమెరికా వీడియోల్లో "పాయింట్ 22 తీసుకోండి, పాయింట్ 25 ఇంకా బెస్ట్" అంటారు. అది అక్కడి సలహా. పాయింట్ 22 అంటే 5.5 మిల్లీమీటర్లు, మన హద్దు దాటేసింది. కాబట్టి మన లిస్టులో ఉండేది 0.177 ఒక్కటే.

షాపువాళ్ళు ఫొటో ఐడీ, అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు, ఇచ్చేయండి. బిల్లు జాగ్రత్తగా దాచుకోండి. మీకు 18 ఏళ్ళు నిండకపోతే నాన్నతోనో బాబాయితోనో వెళ్ళండి. గన్ వాళ్ళ పేరు మీదే ఉండాలి, పేల్చేటప్పుడు వాళ్ళు పక్కనే ఉండాలి. బిల్లు లేకుండా, ఐడీ అడక్కుండా ఎవరైనా "పవర్ పెంచిన గన్" అమ్ముతామంటే అక్కణ్ణుంచి వచ్చేయండి. ఆ పెంచిన పవర్ 20 జౌల్స్ దాటితే ఇబ్బంది అమ్మినవాడికి మాత్రమే కాదు, మీకూ.

"స్మాల్ గేమ్" మన దగ్గర లేదు

కొన్ని దేశాల్లో కుందేలు, పావురం లాంటివి వేటాడటానికి సీజన్లు, పర్మిట్లు ఉంటాయి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. 2022లో దాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి సవరణ అమల్లో ఉంది. కొంగ, గువ్వ, నీటికోడి, కౌజు పిట్ట, చెవులపిల్లి... పొలంలో మనకి రోజూ కనిపించేవే అయినా ఇవన్నీ రక్షణ ఉన్న జీవులు. చట్టంలో "వేట" అనే మాటకి అర్థం కూడా పెద్దది. చంపడమే కాదు, గాయపరచడం, పట్టుకోవడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. "తగల్లేదు కదా సార్" అనే మాట అక్కడ పనిచెయ్యదు.

మామూలుగా శిక్ష 3 ఏళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువైతే కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 7 ఏళ్ళు. దివిసీమ మడ అడవుల్లో తిరిగే నీటిపిల్లి ఆ మొదటి షెడ్యూల్‌లోనే ఉంది. మనకి ఒక పక్క కృష్ణా అభయారణ్యం, ఇంకో పక్క కొల్లేరు. చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో మన చేలల్లో, చెరువుల్లో దిగేది ఈ రెండూ ఉండబట్టే. ఆ పక్షుల మీద గన్ ఎక్కుపెట్టడం పందెం కాదు.

"మరి ఎలకలో?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వరి పొట్ట మీదున్నప్పుడు ఎలక చేసే నష్టం మన రైతులకి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఎలక తిరిగేది రాత్రి, ఉండేది గట్టు లోపలి బొరియలో. చీకట్లో చేలో గన్ పట్టుకుని ఒక్కో ఎలకని కొట్టడం వల్ల పంటకి ఒరిగేదేమీ లేదు. యానాదులు పెట్టే బుట్టలు, ఊరంతా ఒకేసారి పెట్టే బ్రోమాడియోలోన్ మందు, ఇవే పనిచేసేవి. కుక్కలు, కోతుల సంగతి చెప్పక్కర్లేదనుకుంటా. వాటిని కొట్టినా కేసే.

ఇక మిగిలింది ప్లింకింగ్, అంటే డబ్బాలు, సీసా మూతలు, పేపర్ టార్గెట్లు కొట్టడం. ఇది తక్కువ ఆటేం కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది కూడా అందులోనే. ఆ టార్గెట్ మధ్యలో 10 పాయింట్ల చుక్క అడ్డం కొలత అర మిల్లీమీటరు.

స్పెక్ షీట్: ఎఫ్‌పీఎస్ అంటే కొత్త మెగాపిక్సెల్

ఫోన్ బాక్స్ మీద "108 మెగాపిక్సెల్" చూసి మోసపోవడం మనకి తెలుసు. ఎయిర్ రైఫిల్ బాక్స్ మీద ఆ పని చేసేది ఎఫ్‌పీఎస్, అంటే పెల్లెట్ సెకనుకి ఎన్ని అడుగులు వెళ్తుందో చెప్పే అంకె. ఏ బరువు పెల్లెట్‌తో కొలిచారో చెప్పకుండా ఆ అంకె ఒక్కటే ఇస్తే దానికి అర్థం లేదు.

పదో తరగతి ఫిజిక్స్ చాలు. శక్తి అంటే బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణించడం. మామూలు సీసం పెల్లెట్ 8 గ్రెయిన్లు, అంటే సుమారు 0.52 గ్రాములు.

• సెకనుకి 170 మీటర్లు (సుమారు 560 ఎఫ్‌పీఎస్): దాదాపు 7.5 జౌల్స్. ఒలింపిక్ రైఫిళ్ళు ఈ దరిదాపుల్లోనే ఉంటాయి.
• సెకనుకి 200 మీటర్లు (సుమారు 650 ఎఫ్‌పీఎస్): 10 జౌల్స్ పైచిలుకు.
• సెకనుకి 278 మీటర్లు (సుమారు 910 ఎఫ్‌పీఎస్): 20 జౌల్స్. మన హద్దు ఇదే.
• 1000 ఎఫ్‌పీఎస్: 24 జౌల్స్. హద్దు దాటింది.

అదే 1000 ఎఫ్‌పీఎస్‌ని 5 గ్రెయిన్ల తేలిక అల్లాయ్ పెల్లెట్‌తో సాధిస్తే శక్తి 15 జౌల్సే. బాక్స్ మీద పెద్ద అంకె ఇలాగే పుడుతుంది. అలాంటి తేలిక పెల్లెట్ దూరం పోయేకొద్దీ త్వరగా వేగం కోల్పోతుంది, గ్రూపింగ్ కూడా చాలాసార్లు చెదురుతుంది. అందుకే నేను చూసేది జౌల్స్, ఎఫ్‌పీఎస్ కాదు. మొదటి గన్‌కి 8 నుంచి 12 జౌల్స్ హాయిగా సరిపోతుంది. శక్తి తగ్గితే కాక్ చెయ్యడం తేలిక, కుదుపు తక్కువ, గురి త్వరగా కుదురుతుంది.

స్ప్రింగా, గ్యాసా, పీసీపీనా?

*స్ప్రింగ్ బ్రేక్ బ్యారెల్:* గొట్టాన్ని కిందికి విరిచినట్టు వంచితే లోపల స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్‌ని తోస్తుంది. పంపు లేదు, సిలిండర్ లేదు, పాడైతే రిపేర్ తేలిక. బడ్జెట్‌లో నా ఓటు దీనికే.

*గ్యాస్ పిస్టన్:* స్ప్రింగ్ బదులు సీల్ చేసిన గ్యాస్ సిలిండర్. కారు డిక్కీ తలుపుని పైకెత్తి పట్టుకునే రాడ్డు లాంటిదే. కుదుపు కొంచెం సాఫీగా ఉంటుంది. కానీ గ్యాస్ లీకైతే ఆ యూనిట్ మొత్తం మార్చాలి.

*పీసీపీ:* ముందే నింపిన అధిక పీడన గాలితో నడుస్తుంది. కుదుపు దాదాపు ఉండదు, గురి అద్భుతం. కానీ 200 బార్ దాకా గాలి నింపే చేతి పంపు విడిగా కొనాలి. మన డెల్టాలో ఇంకో తలనొప్పి కూడా ఉంది. బందరు గాలిలో తేమ ఎక్కువ. పంపుకి తేమ ఆపే ఫిల్టర్ లేకపోతే ఆ నీరు సిలిండర్‌లోకి చేరి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. రెండో గన్‌గా మంచిది, మొదటిదిగా వద్దు.

బ్రాండ్ల విషయానికొస్తే, మన దేశంలో తయారయ్యేవాటితోనే మొదలుపెట్టండి. ప్రిసిహోల్ వాళ్ళ ఎన్‌ఎక్స్100, ఎన్‌ఎక్స్200 బ్రేక్ బ్యారెల్‌లో బాగా వినిపించే పేర్లు. వాళ్ళదే పీఎక్స్100 అకిలీస్ పీసీపీ. ఎస్‌డీబీ గన్లు కూడా షాపుల్లో కనిపిస్తాయి. వీటన్నిటికన్నా ముందు అడగాల్సింది స్పేర్ పార్ట్స్ గురించి. సీల్, స్ప్రింగ్ దొరకని గన్, డిస్‌ప్లే దొరకని ఫోన్ లాంటిదే.

షాపులో చూడాల్సిన 5 విషయాలు

1. గొట్టం మూసి, కొనని మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. కీలు దగ్గర వదులుంటే తీసుకోవద్దు. గురి మొత్తం ఆ కీలు మీదే ఆధారపడుతుంది.
2. గొట్టం లోపల రైఫ్లింగ్, అంటే మెలికల గాళ్ళు, ఉందో లేదో లైట్ వేసి చూడండి. నున్నగా ఉంటే అది రైఫిల్ కాదు.
3. మీరే కాక్ చేసి చూడండి. ఒకసారి కాదు, వరసగా పదిసార్లు చెయ్యగలరా? ఆదివారం పొద్దున వంద పెల్లెట్లు కొట్టాలంటే ఆ బలం కావాలి.
4. ఓపెన్ సైట్లు ఉన్నదే తీసుకోండి. స్ప్రింగ్ గన్ రెండు వైపులా కుదుపుతుంది, చవక స్కోప్ ఆ దెబ్బకి నెల తిరక్కుండానే సెట్టింగ్ కోల్పోవచ్చు. స్కోప్ తర్వాత కొనొచ్చు, అది కూడా స్ప్రింగ్ ఎయిర్ గన్‌కి సరిపోయేదే.
5. సేఫ్టీ లాక్, ట్రిగ్గర్ సాఫీగా పనిచేస్తున్నాయా? ఖాళీ గన్‌ని మాత్రం పేల్చి చూడొద్దు. ముందు పెల్లెట్ లేకపోతే పిస్టన్ నేరుగా గోడకి గుద్దుకుంటుంది, సీల్ దెబ్బతింటుంది.

నేను పెట్టుకునే లెక్క ఇది: 15 వేలుంటే గన్‌కి 11 వేలు దాటనివ్వను. మిగతాది కళ్ళద్దాలకి, రెండు మూడు రకాల పెల్లెట్లకి, కవర్‌కి, క్లీనింగ్ సామానుకి. ఒక్కో గొట్టానికి ఒక్కో పెల్లెట్ నప్పుతుంది. ఏది నప్పిందో తేలాక పెద్ద డబ్బా కొనండి. స్టీల్ బీబీ గుళ్ళు మాత్రం రైఫ్లింగ్ ఉన్న గొట్టంలో వెయ్యొద్దు, గాళ్ళు పాడవుతాయి, గట్టిదానికి తగిలితే వెనక్కి ఎగిరొస్తాయి.

మన ఊళ్ళో అసలు సమస్య: వెనక ఏముంది?

0.177 పెల్లెట్ గురి తప్పి పైకి వెళ్తే 300 మీటర్ల దాకా పోగలదు. మన నేల అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. కొండ లేదు, గుట్ట లేదు. మినప చేను అవతల పని చేసుకునే మనిషి దూరం నుంచి చుక్కలా కనిపిస్తాడు, అంతే. కాలవ గట్టు ఎత్తుగా ఉంది కదా, దాన్నే అడ్డం పెట్టుకుందాం అనుకుంటారు. కానీ మన దగ్గర గట్టు అంటేనే రోడ్డు. సైకిళ్ళు, ఆటోలు, బడిపిల్లలు దాని మీదే వెళ్తారు. కాలవ నీళ్ళ మీదకీ కొట్టొద్దు, పెల్లెట్ జారి ఎటు పోతుందో చెప్పలేం.

కాబట్టి అడ్డం మీరే కట్టుకోవాలి. ఇసక నింపిన గోతాలు మనిషి ఎత్తున, రెండు వరసలు పేర్చండి. దాని ముందు పాత బట్టలు కుక్కిన చెక్కపెట్టె, పెట్టె మీద టార్గెట్ పేపర్. దూరం 10 మీటర్లు. వెనక దారి గానీ, పక్కింటి దొడ్డి గానీ ఉండకూడదు. ఇంత చోటు మీకు లేకపోతే గన్ కొనకండి. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో షూటింగ్ రేంజ్ ఉందేమో కనుక్కుని అక్కడే నేర్చుకోండి. నేను ఇది సీరియస్‌గా చెప్తున్నాను.

పేల్చే ప్రతిసారీ మీకూ, పక్కనున్నవాళ్ళకీ కళ్ళద్దాలు తప్పనిసరి. గొట్టం వంచి పెల్లెట్ పెట్టేటప్పుడు ఒక చెయ్యి గొట్టాన్ని గట్టిగా పట్టుకునే ఉండాలి. అది ఎగిరి మూసుకుంటే వేళ్ళు నలిగిపోతాయి. సీసం ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడక్కుండా ఏమీ తినొద్దు. వాడిన పెల్లెట్లు చేలో వదిలెయ్యకుండా ఏరి డబ్బాలో వెయ్యండి.

మొదటి నెల ఏం చెయ్యాలి

స్ప్రింగ్ గన్‌ని గట్టిగా బిగించి పట్టుకుంటే గురి తప్పుతుంది. పెల్లెట్ గొట్టం దాటేలోపే పిస్టన్ కదలికకి గన్ కొద్దిగా ఊగుతుంది. మన పట్టు ప్రతిసారీ మారితే ఆ ఊగడమూ మారుతుంది. అందుకే ముందు చేతిని తెరిచి, అరచేతి మీద గన్‌ని ఊరికే ఆనించండి, పిడికిలి బిగించొద్దు.

10 మీటర్ల నుంచి 5 పెల్లెట్లు ఒకే చుక్క మీద కొట్టండి. మన పది రూపాయల బిళ్ళ అడ్డం కొలత 27 మిల్లీమీటర్లు. ఐదు రంధ్రాలూ ఆ బిళ్ళ కింద దాగితే మీ గురి దారిలో పడినట్టే. రంధ్రాలన్నీ దగ్గరగా పడి, చుక్కకి పక్కన ఉంటే లోపం సైట్‌లో ఉంది, తిప్పి సరిచేసుకోండి. చెల్లాచెదురుగా పడితే లోపం పట్టులోనో పెల్లెట్‌లోనో ఉంది.

వాడాక మెత్తటి గుడ్డకి కొంచెం నూనె రాసి బయటి ఇనుమంతా తుడవండి. ఉప్పుగాలికి వారంలోనే ఎర్రమచ్చ వస్తుంది. గాలి గదిలోకి మాత్రం నూనె పొయ్యొద్దు, ఆ వేడికి నూనె మండి పెద్ద శబ్దంతో సీల్ కాలుతుంది. కాక్ చేసిన గన్‌ని గోడకి ఆనించి వెళ్ళిపోవద్దు. ఇంట్లో గన్ ఒక బీరువాలో, పెల్లెట్లు ఇంకో చోట, రెండిటికీ తాళం.

నా వర్డిక్ట్

కొనొచ్చు: ఓపిక ఉండి, 10 మీటర్ల సురక్షితమైన చోటుండి, ఆదివారం పొద్దున ఫోన్ పక్కన పెట్టి ఊపిరి బిగబట్టి ఒక చుక్క మీద మనసు పెట్టాలనుకునేవాళ్ళు. వాళ్ళకి దేశవాళీ స్ప్రింగ్ బ్రేక్ బ్యారెల్, 0.177, 8 నుంచి 12 జౌల్స్, ఓపెన్ సైట్లు.

కొనొద్దు: పిట్టల కోసం అడిగేవాళ్ళు, రీల్స్‌లో చూపించుకోవడానికి అడిగేవాళ్ళు, "గురి తర్వాత, ముందు పవర్ ఎంత" అని అడిగేవాళ్ళు. వాళ్ళకి నేను ఏ మోడల్ పేరూ చెప్పను. ఆ డబ్బుతో ఒక మంచి బైనాక్యులర్ కొనుక్కుని డిసెంబర్‌లో కొల్లేరు వెళ్ళిరండి. గురి చూడాలన్న సరదా అలాగైనా తీరుతుంది, పక్షి మళ్ళీ ఏడాది వస్తుంది.