జ్వరకాలమున ప్రాతికూల్య వర్జనము

శరణాగతికి చెప్పబడిన ఆరు అంగములలో రెండవది ప్రాతికూల్య వర్జనము, అనగా భగవంతునికి అప్రియమైనదానిని విడుచుట. సకల జీవులును ఆయనకు శరీరమని విశిష్టాద్వైత సిద్ధాంతము. కావున తోటి యాత్రికునికి కీడు చేయునది ఆయనకు ప్రియము కానేరదు.

1918లో ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటిమందికి పైగా బలిగొన్నది. దగ్గు, తుమ్ముల తుంపరలతో వ్యాపించు జ్వరమది. అట్టి జ్వరముతో క్యూలో నిలిచినవాడు ముందువెనుకల నున్న వృద్ధులకు, పసివారికి దానిని పంచును. మ్రొక్కు తప్పునేమో యను భయము గృహస్థులకు సహజమే. అయితే ఆశౌచ దినములలో ఆలయమునకు పోని కుటుంబమును భక్తిహీనమని ఎవరును అనరు గదా! రక్షించునను విశ్వాసము మూడవ అంగము; రోగమును గుంపులోనికి కొనిపోయి ఆ రక్షణను పరీక్షించుట విశ్వాసము కాదు.

ఇన్‌ఫ్లుయెంజా వలెనే శ్వాసమార్గమున సోకు కరోనా వచ్చినపుడు, 2020 మార్చి 20 నుండి రెండున్నర నెలలకు పైగా తిరుమలలో యాత్రికులకు దర్శనము నిలిచినది. నిత్యకైంకర్యములు మాత్రము ఏకాంతముగా జరిగినవి. ఆ సెప్టెంబరు బ్రహ్మోత్సవములును మాడవీథుల ఊరేగింపు లేక ఆలయము లోపలనే జరిగినవి. భక్తులు రానందున స్వామిసేవకు లోపము కలుగలేదు.

జ్వరపడిన పొరుగువారికి గడప వద్ద గంజి ఉంచి రావచ్చును. మ్రొక్కుబడి రూపాయిని పసుపుగుడ్డలో ముడుపు గట్టి పూజామందిరమున నుంచి, ఆరోగ్యము చేకూరిన పిదప కొండకు పోవచ్చును.