ప్రొస్టేటు మాత్ర: మొదటి రాత్రి జాగ్రత్త

"రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తోంది, సిస్టరమ్మా" అని మాచర్ల, గురజాల పల్లెల పెద్దలు మాతో చెబుతుంటారు. వయసు పెరిగేకొద్దీ పురుషులలో ప్రొస్టేటు గ్రంథి పెరిగి మూత్రనాళాన్ని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది.

ఆల్ఫా బ్లాకర్ మాత్రలు గ్రంథిని తగ్గించవు. గ్రంథిలోను, మూత్రాశయం మెడ దగ్గర ఉన్న కండరాలను వదులు చేస్తాయి. రక్తనాళాల గోడల్లోనూ ఇటువంటి కండరాలే ఉన్నాయి కనుక బి.పి. కూడా తగ్గుతుంది. టెరాజోసిన్‌తో ఇది ఎక్కువ, టామ్సులోసిన్‌తో తక్కువ. అయినా బి.పి.కి ఇవి మొదటి మందు కావు. అమెరికాలో ఒక పెద్ద పరిశోధనలో డోక్సాజోసిన్ వాడినవారిలో గుండె వైఫల్యం ఎక్కువ కనిపించడంతో 2000లో ఆ మందుపై పరీక్షను ఆపివేశారు.

ప్రమాదం ఎక్కడంటే, మూత్రానికి రాత్రి లేచే మనిషికే ఈ మాత్ర కళ్ళు తిరిగేలా చేస్తుంది. పడితే తుంటి ఎముక విరగవచ్చు. అందుచేత:

1. లేచేముందు మంచం అంచున కాసేపు కూర్చోండి. దీపం వేసుకోండి.
2. బి.పి. మాత్రలు వాడుతుంటే ముందే డాక్టరుగారికి చెప్పండి.
3. మిరప కళ్ళాల్లో ఎండకు పనిచేసేవారు నీరు తగ్గకుండా చూసుకోండి.
4. కొన్నాళ్ళు మానివేస్తే, అడగకుండా మళ్ళీ మొదలుపెట్టవద్దు.
5. శుక్లాల ఆపరేషనుకు ముందు, ఈ మాత్ర ఎప్పుడో మానేసినా సరే, కంటి డాక్టరుకు చెప్పండి.

మూత్రం పూర్తిగా ఆగిపోతే తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి రండి.